పందెపు కొయ్యబండి – ఇరుసు బెజ్జము

చిన్న కొయ్యబండ్లను చేసి ఏటవాలు బల్లపై పందెమునకు విడుచుట పిల్లలకు నేర్పు సూచనలు నేడు విరివిగా లభించుచున్నవి. వీనిని వరుసగా చదివినచో ఒక విచిత్రము కనిపించును. బండి ఆకారమెట్లుండవలెనో విస్తారముగా చెప్పుదురు. రంగు ఎట్లు పూయవలెనో, గరుకు కాగితముతో ఎన్నిమార్లు రుద్దవలెనో, సీసపు ముక్కను ఎక్కడ అమర్చవలెనో బొమ్మలు వేసి చూపుదురు. ఇరుసు దూరవలసిన బెజ్జము వద్దకు వచ్చునప్పటికి మాత్రము దానిని తిన్నగా వేయవలెనను ఒక్క మాటతో సరిపెట్టుదురు. తిన్నగా వేయుట ఎట్లో ఎరిగినవానికి ఆ మాట అక్కరలేదు. ఎరుగనివానికి దానివలన ఒరుగునది లేదు. బండి పరుగులో అధికభాగమును నిర్ణయించునది ఆ బెజ్జమే గనుక ఈ లోపము చిన్నదిగా ఎంచదగినది కాదు.

ఈ ఆట పుట్టినది 1953లో. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున డేటన్ నగరములో 1933 నాటికే పిల్లలు తామే ఎక్కి కూర్చుండి, ఇంజను లేకుండ వాలున దిగు బండ్ల పందెము మొదలైనది. దానిని సోప్ బాక్స్ డెర్బీ అందురు. కాలిఫోర్నియాలోని మన్‌హాటన్ బీచ్‌లో కబ్ స్కౌటు దళమునకు నాయకుడైన డాన్ మర్ఫీ అను నాతని కుమారునికి ఆ పందెమున చేరుటకు వయస్సు చాలలేదు. పది యేండ్ల పిల్లవాడు తన చేతులతో చేసి పందెమునకు తేగల బండి ఏదని మర్ఫీ ఆలోచించి, అరచేతిలో ఇముడునంతటి పైను కర్ర బండిని రూపొందించెను. 1953 మే 15న మొదటి పందెము జరిగినది. 1954 అక్టోబరులో 'బాయ్స్ లైఫ్' పత్రిక దీని నమూనాను ప్రచురించుటతో ఆట దేశమంతట వ్యాపించినది. నేటికిని ఆ సామగ్రి ఇంచుమించు అదియే: సుమారు 178 మిల్లీమీటర్ల పొడవు, 44 వెడల్పు, 32 ఎత్తుగల కర్రదిమ్మ, నాలుగు ప్లాస్టికు చక్రములు, ఇరుసులుగా నాలుగు మేకులు. పూర్తియైన బండి బరువు 142 గ్రాములు మించరాదు.

మర్ఫీ వారసత్వముగా వచ్చిన ఈ దిమ్మకు అడుగున అడ్డముగా రెండు గాడులు ముందే కోసియుండును. మేకులను ఆ గాడులలో నొక్కి కూర్చుటతో ఇరుసుల పని ముగియును. చిన్నపిల్లవాని చేతికి బరమా ఇయ్యనక్కర లేకుండుట దీని సుగుణము. దానిని కాదనుట న్యాయము కాదు. అయినను గాడి వలన కలుగు చేటు కలదు. గాడి అడుగు భాగమునకు తెరిచియుండును గనుక మేకును మూడు వైపుల నుండియే కర్ర పట్టియుండును. మెత్తని పైనులో నాలుగైదు మార్లు మేకును తీసి పెట్టినచో పట్టు సడలును. ఇరుసు ఎత్తును మార్చుకొను స్వేచ్ఛ లేదు. అన్నిటికంటె ముఖ్యముగా, గాడి దిమ్మ అంచునకు లంబముగా ఉన్నదో లేదో పిల్లవాడు పరీక్షించు అవకాశమే రాదు. యంత్రము కోసినది గనుక సరియైనదని నమ్మును. అనుభవము గలవారు గాడులను వదలి, దిమ్మ పక్కల నుండి సుమారు 2.2 మిల్లీమీటర్ల బరమాతో బెజ్జములు వేసికొనుట ఇందుచేతనే. అక్కడనే అసలు చిక్కు ఆరంభమగును.

తెలుగు పల్లెలలో బండ్లాట కొత్తది కాదు. రెండు తాటి బుర్రల నడుమ ఒక పుల్ల గుచ్చి, పంగలకర్రతో వెనుకనుండి నెట్టుకొనుచు వీథులన్నియు తిరుగని పిల్లలు ఒకప్పుడు అరుదు. ఆ బండిలో బెజ్జము కత్తిమొనతో పొడిచినదే. తిన్నదనము మాట ఎవరును ఎత్తలేదు. అయినను బండి నడిచెడిది. ఎందుకనగా నెట్టువాని చేయి ప్రతి క్షణమును దారి సరిదిద్దుచుండెడిది. అంకుడు కర్రతో తరిమెన పట్టి, లక్క పూసి, మొగలి ఆకుతో మెరుగు పెట్టిన ఏటికొప్పాక బొమ్మలలోని చక్రాల బండ్లకును ఇదియే న్యాయము. తాడు కట్టి లాగు బొమ్మ లాగినవైపు వచ్చును. ఇరుసు కొంచెము వంకరైనను పిల్లకు తెలియదు. పందెపు బండి అట్టిది కాదు. వాలు మీదినుండి ఒకసారి విడిచిన పిమ్మట దానికి చేయి తోడు లేదు, తాడు తోడు లేదు. తయారగునప్పుడు లోపల మిగిలిన తప్పు, గమ్యము చేరువరకు అట్లే పనిచేయుచుండును. బొమ్మబండి చేయు నేర్పు పందెపు బండికి సరిపోవునని తలచుట ఈ విషయమున తరచుగా జరుగు పొరపాటు.

ఎంత తప్పు ఎంత నష్టము కలిగించునో లెక్కవేసి చూడవచ్చును. దిమ్మ వెడల్పు 44 మిల్లీమీటర్లు. ముందు ఇరుసు బెజ్జము ఒక పక్కన సరియైన చోటనే ఉండి, రెండవ పక్కన 1 మిల్లీమీటరు వెనుకకు పోయినదనుకొందము. ఇరుసు తిరిగిన కోణము నలుబదినాలుగింట ఒకటి; అనగా సుమారు 1.3 డిగ్రీలు. కంటికి ఇది ఆనదు. రెండు ఇరుసుల నడుమ దూరము 111 మిల్లీమీటర్లు. వెనుక ఇరుసు తిన్నగా ఉండి ముందుది ఇట్లు ఒరిగినచో, రెండు ఇరుసుల రేఖలను పొడిగించగా అవి ఒకచోట కలియును. బండి ఆ బిందువు కేంద్రముగా వృత్తమున తిరుగును. ఆ వృత్త వ్యాసార్థము 111ను 44తో గుణించినంత, అనగా 4,884 మిల్లీమీటర్లు, ఇంచుమించు 4.9 మీటర్లు. అట్టి బండి ఒక మీటరు దూరము నడుచునప్పటికి తన సూటిదారినుండి 10 సెంటీమీటర్లు పక్కకు పోవును. ఒక్క మిల్లీమీటరు తప్పు మీటరు దూరములో నూరు రెట్లయి బయటపడినది. దూరము రెట్టింపైనచో పక్కకు పోవుట నాలుగు రెట్లగును.

పందెపు బల్లమీద బండి పక్కకు పోవుటకు వీలులేదు. చక్రముల నడుమ ఒక సన్నని కర్రపట్టీ ఉండి దారి తప్పకుండ కాయును. చక్రములకును పట్టీకిని నడుమ సందు కొద్ది మిల్లీమీటర్లే. పై బండి 2 మిల్లీమీటర్లు ఒరుగుటకు 14 సెంటీమీటర్ల నడక చాలును. అటుపిమ్మట గమ్యమువరకు చక్రము పట్టీని రాచుకొనుచు పోవలసినదే.

ఇచ్చట ఘర్షణ స్వభావమును కొంచెము నిదానించి చూడవలెను. సూచనల పుస్తకములు తొందరపడి దాటిపోవునది ఇక్కడనే. చక్రము ఇరుసుపై తిరుగునప్పుడు పుట్టు రాపిడి ఇరుసు చుట్టును జరుగును. ఇరుసు వ్యాసార్థము 1.1 మిల్లీమీటరు, చక్ర వ్యాసార్థము 15 మిల్లీమీటర్లు. కాబట్టి ఆ రాపిడి బండిని వెనుకకు లాగు బలము, మీట సూత్రము ననుసరించి, పదమూడవ వంతునకు పైగా తగ్గిపోవును. ఘర్షణ గుణకము 0.1 అనుకొన్నచో 142 గ్రాముల బండిని ఆపజూచు బలము సుమారు 1 గ్రాము బరువుతో సమానము. చక్రమను సాధనము యొక్క మహిమ అంతయు ఈ నిష్పత్తిలోనే ఉన్నది. ఎద్దుబండికి పెద్ద చక్రము, సన్నని ఇరుసు కోరుటయు ఇందుకే. చక్రపు అంచు పట్టీకి రాచుకొన్నప్పుడు పుట్టు రాపిడికి ఈ తగ్గింపు వర్తించదు. అది అంచున జరుగునది. దాని దెబ్బ నేరుగా బండికే తగులును.

పందెమున వెనుకబడిన పిల్లవాడు సాధారణముగా చేయునదేమి? ఇరుసునకు మరికొంత గ్రాఫైటు పొడి చల్లును. మేకును మరొకసారి మెరుగు పెట్టును. పెద్దలును అదియే సలహా ఇత్తురు. ఇప్పటికే పదమూడవ వంతునకు తగ్గియున్న రాపిడిని ఇంకను తగ్గించుటకై శ్రమపడి, ఏ తగ్గింపును లేని రాపిడిని అట్లే వదలుట ఇది. కందెన వలదని కాదు. రోగమొకచోట, మందొకచోట అయినదని మాత్రమే.

బెజ్జము ఎత్తులో తప్పు మరొక విధమైనది. మూడు బిందువులు ఎట్లున్నను ఒక సమతలమున ఇముడును. నాలుగవది ఇముడవలెనన్న నియమము లేదు. నాలుగు బెజ్జములలో ఒకటి అరమిల్లీమీటరు పైకి పోయినచో ఆ చక్రము నేలను తాకదు, లేదా బండి ఒక కాలు పొట్టియైన నాలుగుకాళ్ల పీటవలె అటూయిటూ ఊగును. ఆరితేరిన పందెగాండ్రు కావలెననియే ఒక ముందు చక్రమును పైకెత్తి, మూడు చక్రములపై బండిని నడిపింతురు. అట్లే కొందరు ఒక ముందు మేకును అతి స్వల్పముగా వంచి, బండి పట్టీకి ఒకవైపున మెల్లగా ఆనుకొని స్థిరముగా పోవునట్లు చేయుదురు. అటూయిటూ కొట్టుకొనుట కంటె అది మేలు. ఈ యుక్తులు తెలిసిన కొందరు బెజ్జము తిన్నదనముతో పని లేదని వాదించుట కలదు. ఆ వాదము నిలువదు. ఎంత ఒంచవలెనో కొలిచి ఒంచుటకు, ముందు తిన్ననిది చేతిలో ఉండవలెను గదా!

బరమా ఎందుకు పక్కకు పోవును? చేయి వణకుటవలన నని చెప్పుట సులభము. నిజమునకు చేతికంటె కర్రది, బరమాదియే పాత్ర అధికము. పైను వంటి కర్రలో ప్రతి సంవత్సరమును మెత్తని పొర ఒకటి, గట్టి పొర ఒకటి ఏర్పడును. బరమా మొన గట్టి పొర అంచున ఆనినచో జారి మెత్తనిదానిలోనికి దిగును. దిగిన మొదటి అరమిల్లీమీటరే మిగిలిన దారిని నిర్ణయించును. ఇక బరమా సన్నని ఉక్కు చువ్వ. పట్టునుండి బయటికి పొడుచుకొని వచ్చిన భాగము రెట్టింపు పొడవైనచో, అదే బలమునకు అది ఎనిమిది రెట్లు వంగును. వంగుట పొడవు ఘనమును బట్టి పెరుగును. లావు విషయమున లెక్క ఇంకను తీవ్రము: 2.2 మిల్లీమీటర్ల బరమా కంటె 3 మిల్లీమీటర్ల బరమా ఇంచుమించు మూడున్నర రెట్లు బిగువుగలది. కాబట్టి సన్నని బరమాను పూర్తి పొడవున బయటికి తీసి వాడుట తప్పు. లోతునకు కావలసినంత మేరకే బయట ఉంచి, మిగిలినది పట్టులోనికి నెట్టవలెను. పొట్టు నిండిన బెజ్జములో బరమా తనంత తాను పక్కకు నెట్టబడును గనుక మాటిమాటికి బయటికి తీసి పొట్టు దులుపవలెను. మొనవద్ద చిన్న ముల్లుగల కొయ్యబరమా దొరికినచో అది ఇనుపపని బరమా కంటె జారుడు తక్కువ.

కర్ర ఎన్నికయు ఇందులో చేరినదే. కొండపల్లి బొమ్మలకు వాడు తెల్లపొణికి తేలికైనది, మెత్తనిది, చెక్కుటకు హాయి. కాని సన్నని మేకును అది గట్టిగా పట్టియుంచదు. అంకుడు కర్ర నార సన్ననిది, ఒత్తైనది; అందులో బెజ్జపు అంచు శుభ్రముగా వచ్చును. తరిమెన పనివారు దానిని కోరుకొనుటకు ఈ గుణమే కారణము. బండి ఒడలికి పొణికియే వాడదలచినచో ఇరుసు దూరుచోట గట్టి కర్ర బద్ద నతికించుట మంచిది.

ఏటికొప్పాక పనిలో ఒక విశేషము కలదు. అది బొమ్మల అందమును మెచ్చుకొనువారి దృష్టికి రాదు. తరిమెనపై చక్రము తయారగునప్పుడు కర్ర తిరుగును, ఉలి నిలిచియుండును. చక్రపు అంచును, నడుమ బెజ్జమును ఒకే బిగింపులో తీసినచో రెండింటికిని అక్షము ఒక్కటే అగును. తిరుగుచున్న కర్రలో నిలిచియున్న ఉలిమొన కేంద్రము తప్పినచో, ఆ తప్పు ఒకవైపునకే పేరుకొనక చుట్టును పంచబడి, బెజ్జము కొంచెము పెద్దదగునే గాని పక్కకు పోదు. బరమాతో పని దీనికి తారుమారు: కర్ర నిలిచియుండును, పనిముట్టు తిరుగును. మొన ఒక వైపునకు ఒరిగినచో ఆ ఒరుగుట అట్లే సాగును. అనగా చక్రము గుండ్రదనమునకు, దాని నడిమి బెజ్జమునకు తరిమెనయే పూచీ; బండి ఒడలిలోని బెజ్జమునకు పూచీపడు పనిముట్టు ఏదియు లేదు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కళను గూర్చి వ్రాయువారందరును లక్క రంగులను, చెట్లనుండి తీసిన వన్నెలను పొగడుదురు, పొగడదగినవే. ఒకే అక్షముపై అంచును బెజ్జమును కుదుర్చు ఈ నేర్పును కూడ పాఠశాలలలో చూపియుండినచో జ్యామితి పాఠమునకు ఎంతో మేలు జరిగెడిది.

బెజ్జము తిన్నగా రాకపోవుట పిల్లల ఆటకు పరిమితమైన చిక్కు కాదు. జేమ్స్ వాట్ 1769లో తన ఆవిరియంత్రమునకు హక్కుపత్రము పొందెను. అయినను ముషలకము చుట్టు ఆవిరి కారిపోకుండ ఆపగల గుండ్రని స్తంభకము చేయగలవాడు దొరకక సంవత్సరముల తరబడి యంత్రము పనికి రాలేదు. 1775 ప్రాంతమున జాన్ విల్కిన్‌సన్ అను ఇనుప పనివాడు ఆ చిక్కు విప్పెను. అతని యుక్తి సామాన్యమైనదే. అంతకుముందు తొలుచు కడ్డీకి ఒక కొననే ఆధారముండెడిది. రెండవ కొన లోపల వ్రేలాడుచు తనకు తోచిన దారిని పోయెడిది. విల్కిన్‌సన్ కడ్డీని స్తంభకము గుండ ఈ కొననుండి ఆ కొనకు దూర్చి, రెండు కొనలను బిగించెను. 1776లో వాట్ యంత్రములు పనిలోనికి వచ్చినవి. రంగారెడ్డి జిల్లా బడంగ్‌పేట్‌కు సమీపమున 1980 దశకములో నెలకొల్పబడిన రిసెర్చ్ సెంటర్ ఇమారత్‌లో క్షిపణులకు దారిచూపు పరికరముల పని జరుగుచుండును. తిరుగు వస్తువు అక్షము రవంత తప్పినను అట్టి పరికరములు చెప్పు దిక్కు తప్పగును. ఆ చుట్టుపట్ల ఉన్నత పాఠశాలలో కొయ్యబండికి బెజ్జము వేయు విద్యార్థి ఎదుర్కొనునది ఆ జాతి ప్రశ్ననే.

అందరును చెప్పు పరిష్కారము స్తంభపు బరమా యంత్రము. అది ఉన్నచోట వాడుకొనవచ్చును. 2016 నుండి ఏర్పడిన అటల్ టింకరింగ్ ప్రయోగశాలలు గల పాఠశాలలకు యంత్రముల కొరత అంతగా లేదు. మిగిలిన పాఠశాలల మాట వేరు. 2020 జాతీయ విద్యావిధానము 6 నుండి 8 తరగతుల వారికి బడిసంచి లేని పది దినములు సూచించినది. వడ్రంగి, కుమ్మరి మొదలగువారి వద్ద పని నేర్చుట అందులో భాగము. ఆ పది దినములలో ఒక కొయ్యబండి చేయించదలచిన ఉపాధ్యాయుని వద్ద ఉండునది సామాన్యముగా ఒక చేతి బరమా, ఒక రంపము, ఒక మూలమట్టము. యంత్రము లేనిచో తిన్నని బెజ్జము రాదని అతనికి చెప్పుట, పని మానుకొమ్మని చెప్పుటయే. విల్కిన్‌సన్ యుక్తి నెరిగినవారు అట్లు చెప్పరాదు. కావలసినది యంత్రము కాదు, బరమాకు దారి.

దారి ఇట్లు కుదుర్చుకొనవచ్చును. టేకు లేక తుమ్మ చెక్కలు రెండు, ఒక్కొక్కటి 25 మిల్లీమీటర్ల మందము గలవి, ఒకదానిపై ఒకటి బిగించి, రెండింటి గుండను ఒకేసారి రెండు బెజ్జములు వేయించవలెను. ఈ ఒక్క పనికి మాత్రము స్తంభపు బరమా గల పనిశాలకు పోవలెను; పారిశ్రామిక శిక్షణ సంస్థలలో ఇది కొద్ది నిమిషముల పని. బెజ్జములలో బరమా దూరునంతటి ఇత్తడి గొట్టములు దిగగొట్టి, రెండు చెక్కలను ఒక పీటపై దిమ్మ పట్టునంత ఎడముగా ఎదురెదురు గోడలవలె నిలిపి బిగించవలెను. ఒక కొనను అడ్డుకర్ర కొట్టవలెను. దిమ్మను ఆ తొట్టిలో దించి, కొనను అడ్డుకర్రకు ఆనించి, వెదురు బద్ద దోపి కదలకుండ చేసి, ఇరువైపుల నుండియు గొట్టముల గుండ బరమా దింపినచో నాలుగు బెజ్జములును తమతమ చోట్ల పడును.

ఒక గోడనే చేసి, దిమ్మను తిప్పి వాడవచ్చునను సలహా కొన్నిచోట్ల కనిపించును. చెక్క ఆదాయగును, నిజమే. కాని దిమ్మను ముందువెనుకలుగా తిప్పినచో కొలత రెండవ కొననుండి మొదలగును; దిమ్మ పొడవులోని తప్పు బెజ్జములోనికి చేరును. తలక్రిందులుగా తిప్పినచో ఎత్తులోని తప్పు చేరును. దిమ్మను కదపకుండుటయే ఈ పనిముట్టు ప్రాణము. దానిని వదులుకొని ఒక చెక్క మిగిల్చుట లాభము కాదు.

గొట్టమునకును బరమాకును నడుమ పదవవంతు మిల్లీమీటరు వదులున్నదనుకొన్నను, 25 మిల్లీమీటర్ల పొడవున అది ఒరుగగల కోణము డిగ్రీలో నాలుగవ వంతునకు లోపే. ఇరుసంతయు ఆ మేరకే ఒరిగినచో బండి మీటరు నడకలో 2 సెంటీమీటర్లకు మించి తప్పదు. ముందు లెక్కలోని 10 సెంటీమీటర్లతో దీనిని పోల్చి చూడవలెను. పైగా రెండు ఇరుసులును ఒకే వైపునకు ఒకే మేర ఒరిగినచో అవి సమాంతరముగానే ఉండును. బండి కొంచెము అడ్డముగా నిలిచి నడుచునే గాని వంకర తిరుగదు.

మరొక విషయమున సూచనలకర్తలందరును పొరపడుచున్నారని చెప్పక తప్పదు. బండి ఆకారము చెక్కుట మొదట, ఇరుసులు చివర అను క్రమము దాదాపు అంతటను కనిపించును. పిల్లలకు ఆకారముపై మోజు. అది వారి తప్పు కాదు. కాని వంపులు తీర్చిన దిమ్మకు మూలమట్టము ఆనించుటకు తిన్నని ముఖమే మిగులదు. దేనిని ఆధారముగా గొని కొలువవలెను? దిమ్మ నలుపలకగా ఉన్నప్పుడే అడుగు ముఖమును చిత్రికపట్టి, పక్కముఖమును దానికి లంబముగా సరిచేసి, గీతలు గీసి, బెజ్జములు వేసి, ఆ తరువాతనే ఉలి చేపట్టవలెను.

ఇరుసు రకమును బట్టి పద్ధతి మారవలెననియు చెప్పువారు తక్కువ. మేకులు విడివిడిగా నాలుగు ఉన్నప్పుడు ఇరువైపుల నుండి సగము సగము దింపుట మేలు. ప్రతి బెజ్జపు నోరు గీసినచోటనే ఉండును, లోతు తక్కువ గనుక బరమా వంగదు. సైకిలు చువ్వను ఈవలనుండి ఆవలకు దూర్చి, చక్రములతోపాటు అదియు తిరుగునట్లు చేయునప్పుడు ఇరువైపుల బెజ్జములు నడుమ కలియకపోయినచో చువ్వ బిగుసుకొనును. అప్పుడు బెజ్జమును కొంచెము పెద్దదిగా వేసి, ఇరుకొనలందు మాత్రమే చిన్న ఇత్తడి గొట్టపు తునకలు అమర్చవలెను. చువ్వ నిలుచునది ఆ రెండు తునకలపైననే గనుక నడుమ ఎట్లున్నను చెల్లును. ఈ రెండు సందర్భములకును ఒకే సూచన ఇచ్చుట వలన పిల్లలు తికమకపడుచున్నారు.

తుదకు పందెమను పరీక్షను గూర్చి. పది బండ్లు పరుగెత్తి ఒకటి గెలిచినచో, మిగిలిన తొమ్మిది ఎందుకు ఓడినవో ఆ పందెము చెప్పదు. బరువు తక్కువయా, కందెన చాలలేదా, ఇరుసు వంకరయా? దేనివలన నైనను ఫలితము ఒక్కటే: వెనుకబాటు. విజ్ఞానబోధనకు పందెము ఒక్కటే కొలమానమైనచో విద్యార్థి నేర్చునది అదృష్టమును నమ్ముటయే. కాబట్టి పందెమునకు ముందురోజున ఉపాధ్యాయుడు రెండు పరీక్షలు చేయించవలెను. మొదటిది, బండిని అద్దపు పలకపై నిలిపి ప్రతి చక్రము క్రిందను పలుచని కాగితమును తోసి చూచుట. ఏ చక్రము క్రింద అది సుళువుగా దూరునో ఆ బెజ్జము ఎత్తు తప్పినది. రెండవది, నున్నని సిమెంటు నేలపై సుద్దతో తిన్నని గీత గీసి, చిన్న వాలుపలక మీదినుండి బండిని ఆ గీతవెంట విడిచి, ఒక మీటరు వద్ద ఎన్ని సెంటీమీటర్లు పక్కకు పోయినదో కొలుచుట. మర్ఫీ కొలతల దిమ్మకు ఆ సెంటీమీటర్లను పదితో భాగించినచో, ముందు ఇరుసు ఎన్ని మిల్లీమీటర్లు ఒరిగినదో ఇంచుమించు తేలును.

నేల వాలుగా ఉన్నచో లెక్క తప్పును గదా అని చురుకైన విద్యార్థి అడుగును; అడుగవలెను. దానికి సమాధానము బండిని అదే గీతవెంట ఎదురుదిక్కునకు మరొకసారి విడుచుట. నేల వాలు గదిలో ఒకే పక్కకు లాగును. ఇరుసు వంకర ఎప్పుడును బండికి ఒకే పక్కకు లాగును. మొదటిసారి బండికి ఎడమగా 7 సెంటీమీటర్లు, తిరిగి వచ్చునప్పుడు ఎడమగా 3 సెంటీమీటర్లు పోయినచో, ఇరుసు వలన కలిగినది సగటు 5, నేల వలన కలిగినది 2. పరికరములేవియు లేకుండ రెండు కారణములను విడదీయు ఈ పని పందెములో గెలిచిన బండికంటె తరగతికి ఎక్కువ ఉపకరించును.

తప్పు తేలిన బెజ్జమును సరిదిద్దుట మిగిలియున్నది. వెదురు పుల్లను జిగురుతో దిగగొట్టి, ఆరిన పిమ్మట దాని పక్కననే మరల బెజ్జము వేయుట వాడుకలో ఉన్నది. ఇది అంత మంచిది కాదు. చుట్టునున్న కర్రకంటె వెదురు గట్టిది. బరమా మొన దానిని తప్పించుకొని మెత్తనివైపునకే జారి, పాత తప్పును రెట్టింపు చేయును. దిమ్మలో చోటున్నచో ఆ ఇరుసు రెండు బెజ్జములను పాతవానికి 6, 7 మిల్లీమీటర్లు ముందుకో వెనుకకో జరిపి, దారిపెట్టెలో పెట్టి కొత్తగా వేయుట మేలు. చోటు లేనిచో అదే కర్ర పేడును, నార అడ్డముగా వచ్చునట్లు చీల్చి పూడ్చి, ఒక రాత్రి ఆరనిచ్చి, ముందుగా ఆరతో గురుతు పొడిచి, అటుపిమ్మటనే బరమా దింపవలెను.